కమ్యూనికేషన్ ఉపగ్రహాల హై ఫ్రీక్వెన్సీ హార్డ్‌వేర్: తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్‌లో మైక్రోవేవ్ మాడ్యూళ్ల పనిలో కొత్తగా చేరినవాళ్లు, ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు పట్టుకుని వచ్చే ఈసీఈ పిల్లలు, బాలానగర్‌లో మాకు భాగాలు చేసిపెట్టే వర్క్‌షాపుల వాళ్లు అడిగే సందేహాలు చాలావరకు ఒకటే. ఒకరికి చెప్పిన జవాబు ఇంకొకరికి చేరడం లేదని అన్నిటినీ ఇక్కడ ఒకచోట పెట్టాను. పని జరిగే వరసలోనే ప్రశ్నలున్నాయి. కావలసిన చోటుకు నేరుగా వెళ్లి చదువుకోవచ్చు. నా అభిప్రాయం మాత్రం ముందే చెబుతాను. 20 గిగాహెర్ట్జ్ చేరాక ఇది మెకానికల్ వాళ్ల పని, అది థర్మల్ వాళ్ల పని, మాది ఆర్‌ఎఫ్ (రేడియో సిగ్నళ్ల పని) అని గీతలు గీసుకుంటే హార్డ్‌వేర్ పనిచేయదు. డ్రాయింగులో ఉన్న ప్రతి కొలతా సర్క్యూట్‌లో ఒక భాగమే.

## మొదలుపెట్టే ముందు

సీ బ్యాండ్, కేయూ బ్యాండ్ చక్కగా నడుస్తున్నాయి కదా సార్, ఇంత కష్టపడి కేఏ బ్యాండ్‌కి ఎందుకు వెళ్లాలి?

ఫ్రీక్వెన్సీల్లో చోటు కోసం. సీ బ్యాండ్‌లో ఉపగ్రహం నుంచి నేలకు సాధారణంగా వాడేది 3.7 నుంచి 4.2 గిగాహెర్ట్జ్ వరకు, అంటే 500 మెగాహెర్ట్జ్. కేఏ బ్యాండ్‌లో 17.7 నుంచి 20.2 వరకు 2,500 మెగాహెర్ట్జ్ దొరుకుతుంది. పైకి పంపడానికి 27.5 నుంచి 30 వరకు మరో అంత. ఇంకో లాభం, బీమ్ సన్నబడుతుంది. 2 మీటర్ల డిష్ 20 గిగాహెర్ట్జ్ దగ్గర సుమారు అర డిగ్రీ బీమ్ ఇస్తుంది. భూస్థిర కక్ష్య నుంచి చూస్తే నేల మీద అది 330 కిలోమీటర్ల వెడల్పు. అలాంటి బీమ్‌లతో దేశమంతా కప్పితే, దూరదూరంగా ఉన్న బీమ్‌లలో ఒకే ఫ్రీక్వెన్సీని మళ్లీ మళ్లీ వాడుకోవచ్చు.

మన ఉపగ్రహాల్లోనే చూడండి. 2018 డిసెంబరులో ఫ్రెంచ్ గయానాలోని కౌరూ నుంచి వెళ్లిన జీశాట్-11కి వాడుకదారుల వైపు కేయూ బ్యాండ్‌లో 32 బీమ్‌లు, హబ్‌ల (నేల మీది ప్రధాన స్టేషన్ల) వైపు కేఏ బ్యాండ్‌లో 8 బీమ్‌లు. సామర్థ్యం సెకనుకు 16 గిగాబిట్లు. 2024 నవంబరులో ఫాల్కన్-9 మీద వెళ్లిన జీశాట్-ఎన్2 కేఏ బ్యాండ్ ఉపగ్రహం, దాని సామర్థ్యం 48 గిగాబిట్లు. దాని 32 బీమ్‌లలో సన్నవి 8 ఈశాన్య రాష్ట్రాలకు, వెడల్పువి 24 మిగతా దేశానికి. ఇంకా పైన 40, 50 గిగాహెర్ట్జ్ దగ్గరున్న క్యూ, వీ బ్యాండ్ల పేలోడ్‌ను 2018 నవంబరులో శ్రీహరికోట నుంచి వెళ్లిన జీశాట్-29లో ప్రయోగాత్మకంగా పెట్టారు.

ఫ్రీక్వెన్సీ పెరిగితే దారి నష్టం పెరుగుతుందని పుస్తకంలో ఉంది. ఖాళీ అంతరిక్షంలో సిగ్నల్‌ని ఏం తినేస్తుంది?

ఏదీ తినదు. ఫార్ములా ప్రకారం 36,000 కిలోమీటర్ల దూరానికి 4 గిగాహెర్ట్జ్ దగ్గర నష్టం సుమారు 196 డీబీ (డెసిబెల్; 10 డీబీ అంటే పది రెట్లు), 20 దగ్గర సుమారు 210 డీబీ. ఆ 14 డీబీ తేడా చూసి చాలామంది బెదిరిపోతారు. అయితే ఆ ఫార్ములా రెండు చివర్లా అన్ని దిక్కులకూ సమంగా పంపే ఊహా యాంటెన్నా ఉందనుకుంటుంది. ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ ఆ యాంటెన్నా పట్టే విస్తీర్ణం తగ్గిపోతుంది, లెక్కలో కనబడే నష్టం దానివల్ల వచ్చిందే. నిజంగా రెండు చివర్లా అదే సైజు డిష్‌లు ఉంచితే 4 నుంచి 20 గిగాహెర్ట్జ్‌కి వెళ్లినప్పుడు ఒక్కో డిష్ గెయిన్ (సిగ్నల్‌ని ఒకే దిక్కుకు కూర్చే బలం) 14 డీబీ పెరుగుతుంది. రెంటికీ కలిపి 28 వచ్చి, దారిలో 14 పోయి, చివరికి 14 డీబీ మిగులుతుంది.

కాగితం మీది ఆ మిగులును డిష్ ఉపరితలంలో లోపం, గురి తప్పడం, వేవ్‌గైడ్ (సిగ్నల్ పోయే లోహపు గొట్టం) నష్టం, వాన కలిసి కరిగిస్తాయి. అందులో ఎంత కాపాడుకోగలమన్నదే హార్డ్‌వేర్ ఇంజినీరు పనంతా.

ఇదంతా బెంగళూరు, అహ్మదాబాద్‌లలో జరిగే పని కదా, హైదరాబాద్‌లో ఏముంది?

ఇస్రో కమ్యూనికేషన్ పేలోడ్లు ప్రధానంగా అహ్మదాబాద్‌లోని స్పేస్ అప్లికేషన్స్ సెంటర్‌లోనూ, ఉపగ్రహాల కూర్పు బెంగళూరులోని యూఆర్ రావు శాటిలైట్ సెంటర్‌లోనూ జరుగుతాయన్నది నిజమే. మైక్రోవేవ్ పనికి మాత్రం మన ఊళ్లో పాత వేళ్లున్నాయి. చాంద్రాయణగుట్టలో డీఆర్‌డీఓ వారి ఎలక్ట్రానిక్స్ పరిశోధనశాల డీఎల్‌ఆర్‌ఎల్ ఉంది. 1991లో మొదలైన ఆస్ట్రా మైక్రోవేవ్, 1992లో మొదలైన అనంత్ టెక్నాలజీస్ ఇక్కడివే. 2008లో చంద్రయాన్-1 సంకేతాలు అందుకోవడానికి బెంగళూరు దగ్గర బ్యాలాలులో నిలబెట్టిన 32 మీటర్ల యాంటెన్నా మన ఈసీఐఎల్ చేసింది. షాద్‌నగర్‌లో ఎన్‌ఆర్‌ఎస్‌సీ గ్రౌండ్ స్టేషన్, కంచన్‌బాగ్‌లో ప్రత్యేక మిశ్రలోహాలు పోసే మిధాని, బాలానగర్‌లో టూల్ డిజైన్ నేర్పే సీఐటీడీ ఉన్నాయి. ఈ పనికి కావలసిన చేతులన్నీ గంట ప్రయాణంలో దొరికే ఊళ్లు దేశంలో ఎక్కువ లేవు.

## డిజైన్ దశలో

సిమ్యులేషన్‌లో గీత అద్భుతంగా వచ్చింది. బోర్డు మీదకు రాగానే మ్యాచింగ్ (సిగ్నల్ వెనక్కి తిరగకుండా భాగాలు కలవడం) ఎందుకు చెడిపోతోంది?

మీ స్కీమాటిక్‌లో లేని భాగాలు బోర్డు మీద ఉన్నాయి గనక. చిప్ నుంచి లైన్‌కి వేసిన బంగారు బాండ్ తీగనే చూద్దాం. మందం 25 మైక్రాన్లు, పొడవు 0.3 మిల్లీమీటరు. కంటికి సరిగా ఆనదు. బాండ్ తీగకు మిల్లీమీటరుకు సుమారు ఒక నానోహెన్రీ ఇండక్టెన్స్ ఉంటుంది కాబట్టి దీనిది 0.3 నానోహెన్రీ. 4 గిగాహెర్ట్జ్ దగ్గర అది ఏడున్నర ఓములు, పట్టించుకోనక్కర్లేదు. 30 గిగాహెర్ట్జ్ దగ్గర 56 ఓములు. 50 ఓముల లైన్‌కి వరసలో 56 ఓముల అడ్డు పెట్టుకున్నారన్నమాట.

ఇందుకే చిప్ అంచుకీ సబ్‌స్ట్రేట్ (లైన్లున్న పలక) అంచుకీ మధ్య సందు పదుల మైక్రాన్లలోనే ఉండాలని పట్టుబడతాం. రెండు పైభాగాలూ ఒకే ఎత్తులో ఉండేలా కింద క్యారియర్ అనే లోహపు పలకలో గాడి తీయిస్తాం. ఒక తీగ బదులు రెండు వేస్తాం, లేదా రిబ్బన్ వాడతాం. మిగిలిన ఇండక్టెన్స్‌ని సరిపెట్టడానికి తీగ దిగే చోట లైన్‌ని కొద్దిగా వెడల్పు చేసి కెపాసిటెన్స్ కలుపుతాం. తీగ, సందు, వయా రంధ్రాలు, పైమూత ఎత్తు అన్నీ మోడల్‌లో గీసి త్రీడీలో సిమ్యులేట్ చేయండి. పైమూత సంగతి ముఖ్యంగా మరవద్దు. మూత తీసి కొలిస్తే బాగుండి, పెట్టగానే ఆంప్లిఫయర్ ఆసిలేట్ అయిందంటే మీ ఆపరేటింగ్ బ్యాండ్‌లోనే డబ్బా రెజొనెన్స్ ఉందని అర్థం. డబ్బాని సన్నటి ఛానెల్‌గా మార్చాలి, లేదా మూతకు లోపలివైపు అబ్జార్బర్ అతికించాలి.

గాలియం నైట్రైడ్ కాలంలో ఇంకా ట్రావెలింగ్ వేవ్ ట్యూబులు ఎందుకు వాడుతున్నారు?

కరెంటు లెక్క వల్ల. సిగ్నల్ పవర్ పెంచే ఈ వాక్యూమ్ ట్యూబును 1943లో రుడాల్ఫ్ కాంప్‌ఫ్నర్ కనిపెట్టారు. 1962లో వెళ్లిన టెల్‌స్టార్‌లోనూ ఇదే ఉంది. అంత పాతదైనా దాన్ని పక్కన పెట్టలేకపోవడానికి కారణం ఈ అంకెలు. 100 వాట్ల ఆర్‌ఎఫ్ కావాలనుకోండి. ట్యూబ్ సామర్థ్యం 60 శాతమైతే 167 వాట్లు తీసుకుని 67 వాట్లు వేడిగా వదులుతుంది. కేఏ బ్యాండ్‌లో గాలియం నైట్రైడ్ చిప్‌ల లాంటి సాలిడ్ స్టేట్ ఆంప్లిఫయర్ 30 శాతం దగ్గరుంటే 333 వాట్లు తీసుకుని 233 వాట్లు వేడి చేస్తుంది. ఉపగ్రహంలో అలాంటివి 40 ఉంటే ట్యూబుల వేడి 2.7 కిలోవాట్లు, సాలిడ్ స్టేట్ వేడి 9.3 కిలోవాట్లు. ఆ తేడాకు సరిపడా సోలార్ ప్యానెళ్లు, బ్యాటరీలు, రేడియేటర్లు అదనంగా మోయాలి.

ట్యూబుకీ ఇబ్బందులున్నాయి. వేల వోల్టుల సప్లై కావాలి, కాథోడ్‌కి ఆయుష్షు పరిమితం. అందుకే తక్కువ పవర్‌తో చాలా ఛానెళ్లు కావాల్సిన చోట, ఫేజ్డ్ అర్రేల్లో (చిన్న యాంటెన్నాలు చాలా కలిసి బీమ్‌ని తిప్పేవి) గాలియం నైట్రైడ్ గెలుస్తుంది. ఒక్కో బీమ్‌కి వంద వాట్ల పైన కావాలంటే నేనైతే ఇప్పటికీ ట్యూబే ఎంచుకుంటాను.

అంతరిక్షం చల్లగా ఉంటుందంటారు, మరి వేడి గురించి ఇంత గోల ఎందుకు?

గాలి లేదు గనక ఫ్యాన్ పనికిరాదు. వేడి లోహం గుండా పాకి రేడియేటర్ చేరి, అక్కడ నుంచి కిరణాలుగా పోవాల్సిందే. భూస్థిర ఉపగ్రహాల్లో ఉత్తర, దక్షిణ ప్యానెళ్లకు ఎండ తక్కువ తగులుతుంది కాబట్టి రేడియేటర్లు అక్కడే ఉంటాయి. ప్యానెల్ లోపల అమ్మోనియా నింపిన హీట్ పైపులు వేడిని పరుస్తాయి.

అసలు ఇరుకు మాత్రం చిప్ కిందే. గోరంత కూడా లేని గాలియం నైట్రైడ్ చిప్ నుంచి పదుల వాట్లు బయటపడాలి. చిప్ సిలికాన్ కార్బైడ్ మీద ఉంటుంది, దాని కింద 280 డిగ్రీల దగ్గర కరిగే బంగారం–తగరం సోల్డర్, ఆ కింద రాగి–టంగ్‌స్టన్ క్యారియర్, అన్నిటికీ కింద అల్యూమినియం డబ్బా. ఈ పొరల్లో ఎక్కడ ఖాళీ బుడగ మిగిలినా దాని పైనున్న ట్రాన్సిస్టర్ వేళ్లు మాడతాయి. అందుకే ఫ్లైట్ యూనిట్‌లో ప్రతి చిప్‌నీ ఎక్స్-రే తీసి బుడగల శాతం, అవి ఉన్న చోటు చూస్తాం. చిప్ మూల కింద బుడగను ఒప్పుకోవచ్చేమో గాని, చివరి స్టేజ్ కింద చిన్నది ఉన్నా తిప్పి పంపమనే నేనంటాను.

అల్యూమినియం తేలిక, చవక. ఔట్‌పుట్ ఫిల్టర్లకి బరువైన ఇన్వార్ ఎందుకు?

అల్యూమినియం డిగ్రీకి పది లక్షల్లో 23 వంతులు సాగుతుంది. 20 గిగాహెర్ట్జ్ కేవిటీ (ఫిల్టర్ లోపలి గది) అంటే డిగ్రీకి దాదాపు 0.46 మెగాహెర్ట్జ్ కదలిక. ఉష్ణోగ్రత 50 డిగ్రీలు మారితే ఫిల్టర్ 23 మెగాహెర్ట్జ్ పక్కకి జరుగుతుంది. ఛానెల్ అంచు పోతుంది. 36 శాతం నికెల్ ఉన్న ఇన్వార్ సాగేది పది లక్షల్లో ఒక వంతుకు కాస్త పైన మాత్రమే, కదలిక ఒకటి రెండు మెగాహెర్ట్జ్ లోపే. దాని వేడివాహకత తక్కువ కాబట్టి వెండి పూత, వేడి బయటికి పోయే దారి జాగ్రత్తగా చూసుకోవాలి. ఇన్‌పుట్ వైపు తక్కువ పవర్ ఫిల్టర్లకు ఇతర దారులున్నాయి.

సిగ్నల్ ఫ్రీక్వెన్సీని మార్చడానికి వాడే లోకల్ ఆసిలేటర్‌కి మంచి క్రిస్టల్ పెట్టాం, అయినా ఫేజ్ నాయిస్ (దాని ఫేజ్‌లో వణుకు) ఎందుకు ఎక్కువ?

ఫ్రీక్వెన్సీని గుణించిన ప్రతిసారీ నాయిస్ కూడా పెరుగుతుంది. 10 మెగాహెర్ట్జ్‌ని 10 గిగాహెర్ట్జ్‌కి తెస్తే గుణకం 1,000, ఫేజ్ నాయిస్‌కి కనీసం 60 డీబీ కలుస్తుంది. 100 మెగాహెర్ట్జ్ క్రిస్టల్‌తో మొదలుపెడితే కలిసేది 40 డీబీనే.

## తయారీలో

డ్రాయింగులో 10 మైక్రాన్ల టాలరెన్స్ రాస్తారు, పైగా నున్నగా ఉండాలంటారు. నిజంగా అంత అవసరమా సార్?

వర్క్‌షాపుల వాళ్లు అడిగే ఈ ప్రశ్న న్యాయమైనదే, ఎందుకంటే ఒక్కో మైక్రానుకీ డబ్బు ఖర్చవుతుంది. 26.5 నుంచి 40 గిగాహెర్ట్జ్‌కి వాడే డబ్ల్యూఆర్-28 వేవ్‌గైడ్ లోపలి కొలత 7.112 బై 3.556 మిల్లీమీటర్లు. మామూలు గొట్టానికి 10 మైక్రాన్లు తప్పినా కొంప మునగదు. అదే సైజులో ఫిల్టర్ చేస్తున్నప్పుడు కేవిటీ పొడవులో 10 మైక్రాన్ల తప్పు ఫ్రీక్వెన్సీని వెయ్యో వంతు, అంటే 30 గిగాహెర్ట్జ్ దగ్గర 30 మెగాహెర్ట్జ్ దాకా జరుపుతుంది. కాబట్టి డ్రాయింగు ఇచ్చేవాళ్లకి నా మాట: ఏ కొలత ముఖ్యమో అక్కడే బిగించండి, మిగతావి వదిలేయండి. అన్నిటికీ ఒకే టాలరెన్స్ రాసి పంపడం మెషిన్ మీద నిలబడ్డ మనిషి సమయాన్ని వృథా చేయడమే.

నునుపు సంగతి. 30 గిగాహెర్ట్జ్ దగ్గర కరెంటు రాగి ఉపరితలంలో దాదాపు 0.38 మైక్రాన్ల లోతులోనే పారుతుంది. మిల్లింగ్ గరుకుతనం 0.8 మైక్రాన్లుంటే కరెంటు దారి అంతా గుట్టలూ గోతులే. నష్టం పెరుగుతుంది, కొలిస్తే కనబడుతుంది.

పూత విషయంలో ఒక హెచ్చరిక. బోర్డులకి మామూలుగా వేసే ఎనిగ్ ఫినిష్‌లో బంగారం మందం 0.05 నుంచి 0.1 మైక్రాను మాత్రమే, దాని కింద నికెల్. కరెంటు బంగారాన్ని దాటి నికెల్‌లోకి దిగిపోతుంది, నికెల్‌లో నష్టం చాలా ఎక్కువ. పైకి బంగారంలా మెరుస్తున్న బోర్డు పొడవైన లైన్లలో సిగ్నల్‌ని మింగుతుంటుంది. వెండర్‌కి పర్చేజ్ ఆర్డర్‌లోనే ఫినిష్ పేరు, మందం రాయండి. ఫోనులో చెప్పి ఊరుకోవద్దు.

డిష్‌లో అర మిల్లీమీటరు ఎగుడుదిగుడు ఉంటే అంత నష్టమా?

ఏ ఫ్రీక్వెన్సీ అన్నదాన్ని బట్టి. జాన్ రూజ్ 1966లో ప్రచురించిన సూత్రంతో లెక్కిస్తే, అర మిల్లీమీటరు సగటు లోపానికి 4 గిగాహెర్ట్జ్ దగ్గర గెయిన్ నష్టం 0.03 డీబీ, 12 దగ్గర 0.27, 30 దగ్గర 1.7, 50 దగ్గర 4.8 డీబీ. చివరిదంటే మూడింట రెండు వంతుల పవర్ పోయినట్టే. పైగా పోయిన పవర్ పక్క బీమ్‌ల మీద పడి అక్కడి వాళ్ల సిగ్నల్‌ని కూడా చెడగొడుతుంది. ఎండలో ఒక పక్క, నీడలో ఒక పక్క ఉన్నా ఆకారం చెడకూడదని కార్బన్ ఫైబర్ వాడతారు.

అందరూ సీసం లేని సోల్డర్ వాడమంటుంటే స్పేస్ వాళ్లు వద్దంటారేం?

శుద్ధమైన తగరం పూత నుంచి కాలక్రమంలో సన్నటి లోహపు మీసాలు మొలుస్తాయి. పక్క కాలికి తగిలితే షార్ట్. 1998 మే 19న గెలాక్సీ-4 ఉపగ్రహం అదుపు తప్పి అమెరికాలో కోట్ల పేజర్లు మూగబోవడానికి కారణం ఆ మీసాలేనని తేల్చారు. తగరంలో కొద్ది శాతం సీసం కలిస్తే మీసాలు బాగా తగ్గుతాయి. కొన్న భాగం కాళ్లకు ఏ పూత ఉందో ఎక్స్-రే ఫ్లోరసెన్స్‌తో పరీక్షించాకే స్టోర్స్‌లోకి తీసుకోండి.

ప్యాకేజీని పూర్తిగా సీల్ చేశాం కదా, ఇక లోపల ఏం పాడవుతుంది?

హైడ్రోజన్. డబ్బా లోహం, దాని పూత తమలో దాచుకున్న హైడ్రోజన్‌ని నెమ్మదిగా వదులుతాయి. సీల్ ఎంత గట్టిగా ఉంటే అది అంత లోపలే ఉండిపోయి గాలియం ఆర్సెనైడ్ ట్రాన్సిస్టర్ల గేట్లను పాడుచేస్తుంది. సీల్ చేసే ముందు డబ్బాలను ఎక్కువసేపు బేక్ చేయడం, లోపల హైడ్రోజన్ గెట్టర్ (హైడ్రోజన్‌ని పీల్చుకునే పదార్థం) పెట్టడం తప్పనిసరి.

ఎండాకాలంలోనే లో నాయిస్ ఆంప్లిఫయర్లు (బలహీన సిగ్నల్‌ని పెంచేవి) ఎక్కువ పోతున్నాయి, నిజమా లేక భ్రమా?

నిజం కావడానికి బలమైన కారణముంది. ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాద్ గాలి బాగా పొడిబారుతుంది, ఏసీ దాన్ని ఇంకా ఆరబెడుతుంది. నడిచినప్పుడు ఒంటి మీద చేరే స్టాటిక్ వోల్టేజీ పెరుగుతుంది. మనిషి వేలికి షాక్ తెలియాలంటే మూడు వేల వోల్టులు ఉండాలి. ఈ చిప్‌లు 250 వోల్టుల లోపే పోయే తరగతివి. అసెంబ్లీ గదిలో తేమ 40 నుంచి 60 శాతం మధ్య ఉంచాలి. రీడింగు రోజూ రిజిస్టర్‌లో రాయండి, మణికట్టు పట్టీని షిఫ్ట్ మొదట్లో టెస్టర్ మీద పరీక్షించండి. దెబ్బతిన్న చిప్ వెంటనే చావకపోవడం ఇందులో చెడ్డ సంగతి. టెస్టులన్నీ పాసై కక్ష్యలో పోవచ్చు.

## టెస్టింగ్‌లో

కనెక్టర్ బిగించడానికి కూడా టార్క్ రెంచ్ ఎందుకు? చేత్తో గట్టిగా తిప్పితే చాలదా?

చాలదు. 30 గిగాహెర్ట్జ్ దగ్గర ఒక మిల్లీమీటరు అంటే 36 డిగ్రీల ఫేజ్. రెండు కనెక్టర్ల ముఖాల మధ్య వెంట్రుకంత సందున్నా రీడింగు మారుతుంది. స్టీల్ 2.92 మిల్లీమీటర్ల కనెక్టర్‌కి సుమారు 0.9 న్యూటన్ మీటర్లు, ఇత్తడి ఎస్‌ఎంఏ రకం కనెక్టర్‌కి 0.56. రెంచ్ టక్కుమని వంగగానే ఆపాలి, ఇంకోసారి నొక్కకూడదు. తిప్పేది నట్టునే. కేబుల్‌ని తిప్పితే లోపలి పిన్ రాపిడికి అరుగుతుంది.

ఏది ఎంతవరకు పనిచేస్తుందో కంఠస్థం చేయండి: ఎస్‌ఎంఏ సాధారణంగా 18 గిగాహెర్ట్జ్, 2.92 అయితే 40, 2.4 అయితే 50, 1.85 అయితే 67. ఎస్‌ఎంఏ, 2.92 ఒకదానిలో ఒకటి సరిగ్గా కూర్చుంటాయి, ప్రమాదం అక్కడే. చవక ఎస్‌ఎంఏ పిన్ కాస్త పొడవుగా ఉన్నా, వంకరగా ఉన్నా నెట్‌వర్క్ అనలైజర్ (సర్క్యూట్‌ని కొలిచే పరికరం) పోర్టులోని సున్నితమైన వేళ్లను విరగ్గొడుతుంది. పోర్టుకి ఎప్పుడూ ఒక కనెక్టర్ సేవర్ బిగించి ఉంచండి. కలిపే ముందు రెండు ముఖాలనూ మైక్రోస్కోపు కింద చూడటం అలవాటు చేసుకోండి.

పొద్దున చేసిన క్యాలిబ్రేషన్ మధ్యాహ్నానికే ఎందుకు తప్పుతోంది?

ముందు కేబుల్ ఎక్కడ పడి ఉందో చూడండి. ఎక్కువ కేబుళ్లలో ఇన్సులేషన్ పీటీఎఫ్‌ఈ (టెఫ్లాన్). ఈ పదార్థపు స్ఫటిక నిర్మాణం సరిగ్గా 19 డిగ్రీల సెల్సియస్ ప్రాంతంలో మారుతుంది, దాంతో కేబుల్ విద్యుత్ పొడవు గబుక్కున మారిపోతుంది. రాత్రంతా ఏసీ నడిచిన ల్యాబ్‌లో ఏసీ గాలి నేరుగా తగిలే కేబుల్ 18 డిగ్రీల్లో ఉండి, జనం వచ్చి పరికరాలు వేడెక్కాక 23కి చేరితే మధ్యలో ఆ గీత దాటుతుంది. గది ఉష్ణోగ్రతను 19కి దూరంగా, స్థిరంగా ఉంచండి. అనలైజర్ వేడెక్కడానికి గంటైనా ఇవ్వండి. థర్మోవాక్ ఛాంబర్ (శూన్యంలో వేడి, చలి పెట్టి పరీక్షించే గది) లోపలికి వెళ్లే కేబుళ్లు మాత్రం సిలికా ఇన్సులేషన్‌వి తీసుకోండి. ఖరీదు ఎక్కువే, కానీ ఫేజ్ నమ్మకంగా ఉంటుంది.

బెంచ్ మీద ఫుల్ పవర్‌లో గంటల తరబడి నడిచింది. మల్టీపాక్టర్ టెస్టు మళ్లీ ఎందుకు?

బెంచ్ మీద గాలి ఉంది కాబట్టి అది అక్కడ కనబడదు. శూన్యంలో ఒక విడి ఎలక్ట్రాన్ ఫీల్డ్‌కి తోసుకుపోయి ఎదుటి గోడను కొడుతుంది, అక్కడ నుంచి ఒకటికి మించి ఎలక్ట్రాన్లు ఊడతాయి. సరిగ్గా అదే సమయానికి ఫీల్డ్ దిశ మారితే అవన్నీ వెనక్కి పరుగెత్తి ఇటు గోడను కొడతాయి. ఇలా పెరిగి పెరిగి ఎలక్ట్రాన్ల మేఘం తయారవుతుంది. నాయిస్ పెరుగుతుంది, పవర్ వెనక్కి తిరుగుతుంది, చివరికి ఉపరితలం మాడుతుంది. గోడల మధ్య సందునీ ఫ్రీక్వెన్సీనీ గుణిస్తే వచ్చే సంఖ్యను బట్టి, ఆ ఉపరితలం ఎలక్ట్రాన్లను ఎంత తేలిగ్గా వదులుతుందన్నదాన్ని బట్టి, ఎంత వోల్టేజీ దగ్గర ఇది మొదలవుతుందో తేలుతుంది.

చాలామంది తప్పేది సగటు పవర్‌తో లెక్కేసి. ఒకే ఫిల్టర్ గుండా 50 వాట్ల చొప్పున 10 క్యారియర్లు (వేర్వేరు ఫ్రీక్వెన్సీల సిగ్నళ్లు) పోతుంటే సగటు 500 వాట్లు. అన్నిటి ఫేజ్ ఒక్క క్షణం కలిస్తే శిఖరం 5,000 వాట్లు. డిజైన్‌లో మార్జిన్ ఆ శిఖరాన్ని దృష్టిలో పెట్టుకుని ఉండాలి. టెస్టులో వాక్యూమ్ ఛాంబర్‌లో పెట్టి, విడి ఎలక్ట్రాన్లు కచ్చితంగా ఉండేలా స్ట్రాన్షియం-90 రేడియోధార్మిక మూలం గానీ అల్ట్రావయొలెట్ దీపం గానీ వాడతారు. విత్తనం లాంటి ఆ విడి ఎలక్ట్రాన్లు లేకుండా చేసిన టెస్టులో ఏమీ జరగకపోతే సంతోషించడానికి వీల్లేదు.

డబ్బాకి గాలి పోయే రంధ్రాలు కూడా చూసుకోండి. గాలి పూర్తిగా పోకముందు, పల్చటి పీడనంలో పవర్ ఆన్ చేస్తే కరోనా డిశ్చార్జి వస్తుంది. అది వేరే జబ్బు, నష్టం మాత్రం అంతే.

యాంటెన్నాని మేడ మీద పెట్టి కొలవొచ్చా?

2 మీటర్ల డిష్‌కి 30 గిగాహెర్ట్జ్ దగ్గర ఫార్ ఫీల్డ్ దూరం (బీమ్ ఆకారం కుదురుకునే దూరం) 800 మీటర్లు. మేడ మీద అంత దూరం రాదు. అందుకే రిఫ్లెక్టర్‌తో ఆ దూరాన్ని గదిలోనే తెప్పించే కాంపాక్ట్ రేంజ్, లేదా దగ్గరి నుంచి స్కాన్ చేసి లెక్కతో ఫార్ ఫీల్డ్ రాబట్టే నియర్ ఫీల్డ్ పద్ధతి. ఆ స్కాన్‌లో ప్రతి 5 మిల్లీమీటర్లకు ఒక రీడింగు కావాలి.

అన్ని టెస్టులూ ఒకసారి పాసయ్యాక మళ్లీ ఎందుకు చేయిస్తారు? డెలివరీ ఆలస్యమవుతోంది.

కక్ష్యలోకి పోయి స్క్రూ బిగించలేం. 2018 మార్చి 29న వెళ్లిన జీశాట్-6ఏతో కొద్ది రోజులకే సంబంధాలు తెగిపోయాయి. అప్పటికే కౌరూ చేరిన జీశాట్-11ని అదనపు పరీక్షల కోసం ఇస్రో బెంగళూరుకు వెనక్కి రప్పించింది. ప్రయోగం నెలల తరబడి ఆలస్యమై డిసెంబరులో జరిగింది, ఉపగ్రహం పనిచేసింది. ఆ నిర్ణయం ఎంతో సరైనదని నా నమ్మకం.

## కక్ష్యలో, నేల మీద

వాన పడితే డిష్ టీవీ ఆగుతుంది. కేఏ బ్యాండ్ అయితే మన జూలై వానల్లో పనికొస్తుందా?

పనికొస్తుంది, డిజైన్‌లోనే వానను లెక్కపెట్టుకుంటే. గంటకు 50 మిల్లీమీటర్ల వేగంతో కురిసే వానలో కిలోమీటరుకు నష్టం 12 గిగాహెర్ట్జ్ దగ్గర సుమారు 2.4 డీబీ, 20 దగ్గర 5.7, 30 దగ్గర దాదాపు 10, 40 దగ్గర 13. హైదరాబాద్ నుంచి 83 డిగ్రీల తూర్పు స్థానంలో ఉన్న ఉపగ్రహం సుమారు 69 డిగ్రీల ఎత్తున, దాదాపు నడినెత్తిన కనబడుతుంది. వాన పొరలో మన దారి ఐదు కిలోమీటర్ల చిల్లరే. యూరప్ వాళ్లకి ఉపగ్రహం బాగా కిందికి ఉండటంతో దారి పొడవెక్కువ, మనకు వాన ఉధృతి ఎక్కువ. దారి అంతటా ఒకే తీరు వాన ఉండదు కాబట్టి కిలోమీటరు లెక్కను నేరుగా ఐదుతో గుణించకూడదు. దానికి ఐటీయూ (అంతర్జాతీయ టెలికాం సంస్థ) పద్ధతి ఉంది.

1993లో నాసా పంపిన యాక్ట్స్ ఉపగ్రహం నుంచి ఈ వాన నష్టం మీద ఏళ్ల తరబడి ప్రయోగాలు జరిగాయి. ఇవాళ వాడే ఉపాయాలు మూడు. వాన ముదిరితే మాడ్యులేషన్‌ని దించి వేగం తగ్గించుకుని లింక్‌ని నిలబెట్టడం, అప్‌లింక్ పవర్ పెంచడం, గేట్‌వేలను (పెద్ద గ్రౌండ్ స్టేషన్లను) పదుల కిలోమీటర్ల దూరంలో రెండు చోట్ల కట్టడం. జడివాన మేఘం రెంటి మీదా ఒకేసారి ఉండటం అరుదు. ఇంటి మీద చిన్న డిష్‌కి మొదటి ఉపాయమే దిక్కు. పెద్ద వానలో కొద్ది నిమిషాలు ఆగుతుందని వినియోగదారుకి ముందే చెప్పాలి, ఎప్పుడూ ఆగదని అమ్మకూడదు.

మార్చిలో మబ్బు కూడా లేదు, మధ్యాహ్నం కాసేపు సిగ్నల్ పోయింది. ఎందుకు?

సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనక్కి వచ్చి తన నాయిస్‌ని డిష్‌లోకి పంపాడు. మన అక్షాంశంలో మార్చి మొదటి సగంలో, మళ్లీ సెప్టెంబరు చివర–అక్టోబరు మొదట్లో కొన్ని రోజులు ఇలా కొద్ది నిమిషాలు జరుగుతుంది. హార్డ్‌వేర్ లోపం కాదు.

కింది కక్ష్యలో తిరిగే ఉపగ్రహాలకి హార్డ్‌వేర్ తేలికే కదా, దూరం తక్కువ?

పవర్ తేలిక, మిగతావి కష్టం. ఉపగ్రహం సెకనుకు ఏడున్నర కిలోమీటర్ల వేగంతో పోతుంటుంది కాబట్టి 30 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌కి డాప్లర్ జరుగుదల ఆరేడు వందల కిలోహెర్ట్జ్ దాకా ఉంటుంది, అదీ నిమిషాల్లో ప్లస్ నుంచి మైనస్‌కి మారుతుంది. డిష్‌ని తిప్పుతూ వెంబడించడం ఇళ్లలో కుదరదు కాబట్టి ఫేజ్డ్ అర్రే కావాలి. 30 గిగాహెర్ట్జ్ దగ్గర ఎలిమెంట్ల మధ్య ఎడం 5 మిల్లీమీటర్లు. 32 వరసలు, 32 నిలువులు వేస్తే 16 సెంటీమీటర్ల పలకలో 1,024 ఎలిమెంట్లు. ఒక్కొక్కదాని వెనక ఆంప్లిఫయర్, ఫేజ్ షిఫ్టర్ ఆ 5 మిల్లీమీటర్ల గడిలోనే ఇమడాలి, వాటి వేడి కూడా అక్కడి నుంచే బయటపడాలి.

గాలియం నైట్రైడ్‌కి రేడియేషన్ భయం లేదంటారు, నిజమేనా?

మొత్తం డోసు విషయంలో అది గట్టిదే. భారీ అయాన్ ఒక్కటి తగిలి కాలిపోయే ముప్పు మాత్రం ఉంది, అది డ్రెయిన్ వోల్టేజీతో పెరుగుతుంది. డేటాషీట్‌లో రాసిన వోల్టేజీకి బాగా కింద నడపండి.

## ఈ పనిలోకి రావాలనుకునేవాళ్లకి

బీటెక్ ఈసీఈ చదువుతున్నాను. ఏం నేర్చుకుంటే ఈ రంగంలో పనికొస్తాను?

ఎలక్ట్రోమాగ్నెటిక్స్‌ని పరీక్ష కోసం కాక లెక్క చేయడం కోసం చదవండి. స్మిత్ చార్ట్ చేత్తో గీయడం రావాలి. వెక్టర్ నెట్‌వర్క్ అనలైజర్ ఉన్న ల్యాబ్ ఎక్కడుందో వెతికి, క్యాలిబ్రేషన్ స్వయంగా చేయండి. ఉస్మానియా, జేఎన్‌టీయూ, కందిలోని ఐఐటీ లాంటి చోట్ల చదివే సీనియర్లను అడగడానికి మొహమాటపడొద్దు. దాంతోపాటు టాలరెన్స్, ఉష్ణ వ్యాకోచం, పూతల గురించి మెకానికల్ స్నేహితుల దగ్గర కూర్చుని నేర్చుకోండి. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుగా సిమ్యులేషన్ రిపోర్టు కంటే 10 గిగాహెర్ట్జ్ ఫిల్టర్ ఒకటి మెషిన్ చేయించి, కొలిచి, తేడా ఎక్కడొచ్చిందో వివరించినవాళ్లని నేను ముందు పిలుస్తాను.

డిప్లొమా, ఐటీఐ చదివినవాళ్లకి ఇందులో చోటుందా, లేక అంతా ఇంజినీర్లదేనా?

చోటుంది, జీతం కూడా నైపుణ్యాన్ని బట్టి ఉండాలని నేను గట్టిగా అంటాను. చిప్ అతికించడం, తీగ బాండింగ్, సీలింగ్, ఫిల్టర్ ట్యూనింగ్, ఐదు అక్షాల సీఎన్‌సీ ఇవన్నీ చేతి పనులు, మంచి చేయి తయారవడానికి ఏళ్లు పడుతుంది. మెషినింగ్ వైపు వెళ్లాలంటే బాలానగర్ సీఐటీడీ కోర్సులు చూడండి. బాండింగ్ వైపైతే మైక్రోస్కోపు కింద గంటల తరబడి కూర్చునే ఓపిక, వణకని చేయి కావాలి. 25 మైక్రాన్ల బంగారు తీగ పుల్ టెస్టులో సీలింగ్‌కి ముందు కనీసం 3 గ్రాముల బలానికి నిలవాలి. అంకె దాటడంతో పాటు తీగ ఎక్కడ తెగిందో చూస్తారు. మధ్యలో తెగితే మంచిదే, ప్యాడ్ నుంచి ఊడి వస్తే బాండ్ తప్పు. ఇంటర్వ్యూకి వచ్చేటప్పుడు మీరు వేసిన బాండ్ల ఫొటోలు, వాటి పుల్ రీడింగులు పట్టుకురండి.